కలుపు గింజ నిద్ర: వామిలో, పెంటలో, నేలలో

పాల సంఘం పత్రికలో కలుపు మొక్కల ప్రసంగం ఏమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. పాడికీ కలుపుకూ ఉన్న సంబంధం మనం అనుకునే దానికంటె చాలా దగ్గరిది. గేదె తినే మేతలో కలుపు గింజ ఉంటుంది. గేదె వేసే పేడలో కలుపు గింజ ఉంటుంది. ఆ పేడే పెంటగా మారి, వేసవిలో బండ్ల మీద, ట్రాక్టర్ల మీద మిరప చేనికీ, పత్తి చేనికీ, మేత మడికీ చేరుతుంది. తొలకరి వాన పడిన పదో నాటికి చేను పచ్చబడితే, అందులో చాలా భాగం మనం విత్తినది కాదని నరసరావుపేట మొదలు మాచర్ల, గురజాల వరకు ప్రతి రైతుకూ అనుభవమే. ఆ పచ్చదనాన్ని పీకించడానికి అయ్యే కూలి పాల బిల్లులో నుంచే పోతుంది.

కలుపు మందుల గురించి, గుంటకల గురించి సభ్యులు తరచు వింటూనే ఉంటారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది వేరు. కలుపు గింజ రాలిన నాటి నుంచి మొలిచే నాటి వరకు ఎక్కడ, ఎలా నిల్వ ఉంటుంది? ఆ నిల్వను బట్టి అది ఎప్పుడు నిద్ర లేస్తుంది, ఎప్పుడు చస్తుంది? ఈ సంగతి తెలిస్తే, ఖర్చు లేకుండా మన దొడ్డిలోనే చాలా గింజలను చంపవచ్చు. తెలియకపోతే వాటిని మనమే భద్రంగా దాచి, మనమే విత్తుకుంటాము.

విత్తనపు నిద్ర అంటే ఏమిటి?

చాలా గుత్తి రకాల వేరుశనగ పక్వానికి వచ్చాక వాన పడితే కాయ చేలోనే మొలకెత్తుతుంది. తీగ రకాల కాయ అలా మొలవదు. కొన్ని వరి రకాల్లో కోసిన వెంటనే నారు పోస్తే మొలక సరిగా రాదు. కొన్ని వారాలు ఆగాలి, లేదా నత్రికామ్లం కలిపిన నీటిలో నానబెట్టాలి. గింజ బ్రతికే ఉంటుంది. నీరు, వేడి, గాలి అన్నీ అందినా మొలవదు. దీనినే శాస్త్రజ్ఞులు నిద్రావస్థ అంటారు.

మనిషి వేల ఏండ్లుగా ఒక్కసారిగా మొలిచే గింజలనే ఏరి విత్తుకుంటూ వచ్చాడు గనుక పైరు విత్తనాల్లో ఈ నిద్ర చాలావరకు పోయింది. కలుపు మొక్కను ఎవరూ ఏరలేదు. దానికి నిద్రే రక్ష. గింజలన్నీ మొదటి వానకే మొలిస్తే ఒక్క గుంటక సాలుతో పీడ విరగడ అవుతుంది. అలా కాకుండా కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, కొన్ని నాలుగేండ్ల తరువాత మొలుస్తాయి. అందుకే ఎన్నిసార్లు తీసినా కలుపు తరగదు.

ఈ నిద్రకు ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, గింజ పెంకు గట్టిగా ఉండి నీటిని లోపలికి రానివ్వకపోవడం. సర్కారు తుమ్మ, బంగారు తీగ, స్టైలో, సుబాబుల్ ఈ కోవలోనివి. రెండు, పెంకు నీటిని రానిచ్చినా లోపలి మొలక ఇంకా సిద్ధం కాకపోవడం. అనేక గడ్డి జాతులు ఇటువంటివి. మూడు, వెలుతురు సోకకపోవడం. తోటకూర జాతి కలుపు వంటి చిన్న గింజలు అనేకం వెలుతురు కోసం ఎదురు చూస్తాయి.

వామిలో ఎండు నిల్వ

మొదట గడ్డివామిని చూద్దాము. వరిగడ్డితో పాటు ఊద కంకులు, జొన్న చొప్పతో పాటు చేలోని గడ్డి కంకులు, మినప పొట్టుతో పాటు రకరకాల గింజలు వామిలోకి వస్తాయి. కరవు ఏడు బయటి ప్రాంతాల గడ్డి కొంటే, మన ఊళ్లో లేని కలుపు కూడా దానితో వస్తుంది.

వామిలో గింజకు ఏమవుతుంది? పొడిగా ఉంటుంది గనుక చావదు. పైగా, కొత్తగా రాలిన గడ్డి గింజల నిద్రను ఎండు నిల్వే పోగొడుతుంది. అంజన్ గడ్డి, గినీ గడ్డి పెంచే వారికి ఇది తెలిసిన సంగతే. కొత్త విత్తనం చల్లితే మొలక పలుచగా వస్తుంది. కొన్ని నెలలు పొడిగా నిల్వ చేసి చల్లితే బాగా వస్తుంది. దీనిని నిల్వలో పక్వం కావడం అనవచ్చు. వేడి ఎక్కువగా ఉన్న చోట ఈ పక్వం త్వరగా జరుగుతుంది. మేత గడ్డికి ఏ సూత్రమో కలుపు గడ్డికీ అదే.

పల్నాడు వేసవి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు ఏటా వినబడుతూనే ఉంటుంది. కార్తీక, మార్గశిర మాసాల్లో రాలిన గడ్డి గింజకు రోహిణి కార్తె వరకు దొరికేది పొడి, వేడి నిల్వే. మృగశిర వాన పడే సరికి అది నిద్ర తీరి సిద్ధంగా ఉంటుంది. మన వాతావరణానికి తగినట్లు ఆ గింజ తన కాలాన్ని కుదుర్చుకున్నదని గ్రహించాలి.

కాబట్టి ఎండు మేతలో వచ్చిన కలుపు గింజ దానంతట అది చస్తుందని అనుకోరాదు. వామి దానికి గాదె వంటిది.

సగం తడి అన్నిటికంటె చెడ్డది

ఇక్కడ మన సొంత విత్తనం సంగతి కూడా చెప్పవలసి ఉంది. విత్తన నిల్వ మీద పనిచేసిన హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తేలికైన లెక్క ఒకటి చెప్పాడు. గింజలో తేమ నూటికి 1 వంతు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. నిల్వ చేసిన చోట వేడి 5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గితే మళ్లీ సుమారు రెట్టింపు అవుతుంది. మామూలుగా గింజను నిల్వ చేసే తేమలో, అంటే నూటికి 5 నుంచి 14 వరకు, ఈ లెక్క పనికివస్తుంది.

లూసర్న్, మేత జొన్న, జనుము విత్తనాలను గోతాంలో పోసి, వానాకాలంలో గోడకు ఆనించి పెట్టినవారు మరుసటి ఏడు మొలక రాలేదని బాధపడుతుంటారు. గోతాం గాలిలోని తేమను పీల్చింది. రేకుల కప్పు వేడిని ఇచ్చింది. రెండూ కలిసి విత్తనాన్ని చంపాయి. బాగా ఎండబెట్టి, చల్లబడిన తరువాత గాలి చొరబడని డబ్బాలో పోసి, ఇంట్లో చల్లని మూల ఉంచితే అదే విత్తనం నిలుస్తుంది.

మరి నేలలో వాన నీటికి తడిసే కలుపు గింజ ఏండ్ల తరబడి ఎలా బ్రతుకుతుంది? 1970 దశకంలో లెట్యూస్ విత్తనాల మీద జరిగిన పరిశోధనలు దీనికి సమాధానం ఇచ్చాయి. సగం తడిగా ఉన్న గింజలో లోపలి భాగాలు చెడిపోతుంటాయి గాని వాటిని బాగుచేసుకునే శక్తి ఉండదు. పూర్తిగా నీరు తాగి, మొలవకుండా నిద్రలో ఉన్న గింజ చెడిన భాగాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుంది. అందుకే పొడి గింజ నిలుస్తుంది, పూర్తిగా తడిసి నిద్రించే గింజా నిలుస్తుంది. మధ్యస్థంగా తడిసిన గింజ మాత్రం త్వరగా పోతుంది. గోతాంలో మన విత్తనం చస్తే, చేలో కలుపు గింజ బ్రతకడానికి కారణం ఇదే.

నేల అనే గాదె

నేలలో గింజ ఎంత కాలం ఉండగలదో చూడాలని అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో విలియం బీల్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు 1879లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. 21 రకాల గింజలు, ఒక్కో రకం 50 చొప్పున, తడి ఇసుకతో కలిపి 20 సీసాల్లో పోసి, మూతి కిందికి పెట్టి పాతించాడు. కొన్నేండ్లకు ఒక సీసా చొప్పున తీసి మొలకెత్తించి చూస్తున్నారు. ఆయన పోయిన తరువాత ఇతరులు ఆ పని సాగిస్తున్నారు. 2021లో తీసిన సీసాలో, 142 ఏండ్ల తరువాత కూడా, ఒక జాతి కలుపు గింజలు మొలిచాయి. చాలా రకాలు అంతకు ఎంతో ముందే చచ్చిపోయాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. నేలలోని గింజలన్నీ నూరేండ్లు బ్రతకవు. కొన్ని బ్రతుకుతాయి, ఆ కొన్నే చాలు.

పాతిన గింజను లేపేది చాలాసార్లు వెలుతురే. అమెరికా వ్యవసాయ శాఖ వారి బెల్ట్స్‌విల్ కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో లెట్యూస్ గింజలకు ఎర్ర కాంతి కొద్దిసేపు చూపితే మొలుస్తాయని, ఆ వెంటనే మరింత ముదురు ఎరుపు కాంతి చూపితే ఆగిపోతాయని తేల్చింది. అనేక కలుపు గింజలదీ ఇదే పద్ధతి. నాగలి మట్టిని తిరగవేసినప్పుడు క్షణకాలం సోకిన వెలుతురు కూడా కొన్నిటికి చాలు. ఐరోపాలో రాత్రిపూట దున్ని చూసినప్పుడు కొన్ని చోట్ల కలుపు తగ్గింది, కొన్ని చోట్ల తగ్గలేదు. మనం రాత్రి దున్ననక్కరలేదు గాని ఒక సంగతి గ్రహించాలి. ఎప్పుడో లోతుగా పూడిన గింజలను మళ్లీ లోతు దుక్కి పైకి తెస్తుంది. పైనున్న కొత్త గింజలను కిందికి పంపి దాస్తుంది.

అందుకే మేత మడి తయారు చేసేటప్పుడు ముందుగా తడి పెట్టి, మొలిచిన కలుపును పైపైన గుంటకతో చెరిపి, మళ్లీ లోతుగా కదపకుండా విత్తనం వేయడం మేలు. లోతు దుక్కి చేయవలసి వస్తే ఎండాకాలంలోనే చేయాలి. అప్పుడు తుంగ గడ్డలు పైకి వచ్చి ఎండకు మాడిపోతాయి. తుంగ గడ్డ విత్తనం వంటిది కాదు; ఎండితే చస్తుంది.

పశువు కడుపులో

పశువు తిన్న కలుపు గింజల్లో కొన్ని నమలడంలో నలిగిపోతాయి, కొన్ని జీర్ణమవుతాయి, కొన్ని అలాగే పేడలో దిగుతాయి. మెత్తని పెంకు గల గడ్డి గింజలు ఎక్కువగా పోతాయి. గట్టి పెంకు గలవి మిగులుతాయి. వాటిలో కొన్నిటికి కడుపులోని వేడి, ఆమ్లాలు పెంకును పలుచన చేసి మేలే చేస్తాయి. సర్కారు తుమ్మ దీనికి మంచి ఉదాహరణ. మన వైపు చిల్ల చెట్టు అని కూడా అంటారు. కాయ తియ్యగా ఉంటుంది గనుక మేకలు, గేదెలు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. మంద తిరిగిన చోటల్లా, పెంట తోలిన చోటల్లా మొలుస్తుంది. కాయలు మేపదలచినవారు ఎండబెట్టి, గింజతో సహా పిండి పట్టించి దాణాలో కలపాలి.

తిన్న గింజలు చాలావరకు రెండు మూడు రోజుల్లో పేడలో దిగిపోతాయి. కొన్ని ఇంకా ఆలస్యమవుతాయి. కాబట్టి వేరే ప్రాంతం నుంచి గేదెను కొని తెచ్చినప్పుడు నాలుగైదు రోజులు దొడ్డిలోనే కట్టివేసి, ఆ పేడను పెంటలోనే వేయాలి. పొలంలో గొర్రెల మంద కట్టించేవారు కూడా, అంతకు ముందు ఆ మంద ఎక్కడ మేసిందో అడిగి తెలుసుకోవడం మంచిది.

పెంటలో వేడి

కలుపు గింజను చంపడానికి రైతు చేతిలో ఉన్న గట్టి ఆయుధం పెంటే. ఎండిన గింజ చాలా వేడిని తట్టుకుంటుంది. నీరు తాగిన గింజ తట్టుకోలేదు. పెంటలో తడి, వేడి రెండూ ఉంటాయి. లోపల 55 నుంచి 60 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే చాలా రకాల గింజలు చస్తాయి. వామిలో ఏండ్ల తరబడి చావని గింజ పెంటలో వారంలో చావడానికి కారణం ఇదే.

అయితే మన దొడ్లలో చాలా పెంటలు అంత వేడెక్కవు. వట్టి పేడ గుట్టగా పోస్తే గాలి దూరదు, అది చల్లగానే ఉండిపోతుంది. వేసవిలో పూర్తిగా ఎండిన పెంటా వేడెక్కదు. వేడెక్కిన పెంటలో కూడా పై పొర, అంచులు చల్లగానే ఉంటాయి. గింజలు అక్కడ బ్రతికే ఉంటాయి. అందుకని పేడతో పాటు తొక్కుడు గడ్డి, చెత్త, ఆకు కలిపి వదులుగా వేయాలి. పిడికిట పట్టి పిండితే చేయి తడవాలి గాని నీరు కారరాదు. పదిహేను రోజులకొకసారి పై పొరను లోపలికి, లోపలిది పైకి వచ్చేటట్లు తిరగవేయాలి. మూడు నాలుగు సార్లు తిరగవేస్తే దాదాపు ప్రతి గింజా ఒకసారైనా వేడిలో పడుతుంది. వేడి చూడడానికి గునపం మధ్యకు దించి, కొంతసేపు ఉంచి తీయాలి. దానిని చేత్తో గట్టిగా పట్టుకోలేకపోతే పెంట పని చేస్తున్నట్లే.

గోబర్ గ్యాస్ తొట్టిలో ఇంత వేడి ఉండదు. అయినా ఒక నెలకు పైగా ఊరడం వలన చాలా రకాలు చస్తాయి. గట్టి పెంకు గలవి కొన్ని మిగులుతాయి.

పాతర గడ్డిలో

పచ్చి జొన్న, మొక్కజొన్నలను పాతర వేసి సైలేజి చేసేవారికి మరొక లాభం ఉంది. గాలి లేని పులుపులో గడ్డి జాతి కలుపు గింజలు చాలావరకు చస్తాయి. కెనడా శాస్త్రజ్ఞులు 1991లో ప్రచురించిన పరిశోధనలో, పాతరలో ఎనిమిది వారాలు ఉంచిన గింజల్లో గడ్డి జాతివి దాదాపు నశించాయి. వెడల్పాకు కలుపు గింజలు మాత్రం కొంత మిగిలాయి. ఆ మిగిలినవి పశువు కడుపు దాటి వచ్చాక ఇంకా తగ్గాయి. అంటే పాతర, కడుపు, వేడి పెంట మూడూ దాటి బ్రతికే గింజలు బహు కొద్ది. ఎండు మేత, కడుపు, చల్లని పెంట దాటి వచ్చేవి మాత్రం చాలా.

పాడి రైతు జాగ్రత్త పడవలసిన రెండు కలుపులు

మొదటిది బంగారు తీగ. ఆకు లేని పసుపు దారం వలె లూసర్న్ మీద, మినుము మీద అల్లుకొని రసం పీల్చే మొక్క ఇది. వరి మాగాణుల్లో వేసే మినుముకు కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఇది పెద్ద పీడ. దాని గింజ పెంకు గట్టిది. నేలలో పదేండ్లకు పైగా ఉండగలదు. తీగ పట్టిన మినప పొట్టు మేపితే కొన్ని గింజలు పేడలో బ్రతికే దిగుతాయి. ఆ పేడ చల్లని పెంటగా లూసర్న్ మడికి చేరితే మడి పాడవుతుంది. లూసర్న్ విత్తనంలోనూ ఇది కలిసి వస్తుంది. కాబట్టి ధ్రువీకరించిన విత్తనమే కొనాలి. మడిలో తీగ కనబడగానే, పూత రాకముందే, అది పట్టిన లూసర్న్‌తో సహా నేల మట్టానికి కోసి అక్కడే కాల్చాలి. పశువుకు వేయరాదు, గట్టున పారవేయరాదు.

రెండవది వయ్యారిభామ. 1950 దశకం మధ్యలో పూణే వద్ద గుర్తించబడిన ఈ మొక్క దేశమంతటా వ్యాపించింది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 గింజలు రాల్చగలదు. మేతలో కలిసి పశువు తింటే పాలు చేదెక్కుతాయి. పాల కేంద్రంలో ఒక ఇంటి పాలు అందరి పాలనూ చెడగొడతాయి. దీని గింజ నేల పైన ఉంటే త్వరగా పోతుంది, మట్టిలో పూడితే ఏండ్ల తరబడి నిలుస్తుంది. కనుక పూతకు ముందే పీకి పెంటలో వేయాలి. పూసిన మొక్కను పెంటలో వేయరాదు, ఎండబెట్టి కాల్చాలి. పీకేటప్పుడు చేతులకు తొడుగు వేసుకోవాలి. కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి.

ఇంటి వద్ద పరీక్ష

మీ పెంట ఎటువంటిదో మీరే చూసుకోవచ్చు. పెంట అంచు నుంచి ఒక కిలో, నడుమ నుంచి ఒక కిలో తీసి, రెండు వెడల్పాటి తట్టల్లో రెండు వేళ్ల మందాన పరచండి. వెలుతురు తగిలే చోట ఉంచి రోజూ తడి చిలకరించండి. మూడు వారాల్లో మొలిచినవి లెక్కపెట్టి పీకివేయండి. తరువాత కలియబెట్టి, ఒకసారి ఆరనిచ్చి, మళ్లీ తడపండి. నిద్రలో మిగిలినవి కొన్ని అప్పుడు బయటపడతాయి.

కిలోకు పది మొలకలు వచ్చాయనుకుందాము. ఎకరానికి నాలుగు టన్నుల పెంట తోలితే 40,000 మొలకలు. ఎకరానికి 4,840 చదరపు గజాలు గనుక గజానికి ఎనిమిది కలుపు మొక్కలను మన చేత్తో మనమే చల్లినట్లు. దానికి కూలి ఎంత అవుతుందో సభ్యులే లెక్క వేసుకోగలరు.

చేయవలసిన పనులు

1. మేతకు కోసే గట్ల గడ్డిని, చేలోని కలుపును గింజ పట్టకముందే కోయండి.

2. వామి అడుగున మిగిలే పొడి, గింజలతో కూడిన ఊడ్పు చెత్త నేరుగా చేనికి వేయకండి. దానిని తడిపి, పేడతో కలిపి పెంట నడుమ వేయండి.

3. పెంటను వదులుగా, తడిగా ఉంచి, పదిహేను రోజులకొకసారి తిరగవేయండి.

4. మేత విత్తనాన్ని ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాలో దాచండి. విత్తే ముందు నూరు గింజలను తడి గుడ్డలో మొలకెత్తించి చూడండి. స్టైలో, సుబాబుల్ వంటి గట్టి పెంకు విత్తనాలను 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి విత్తండి.

5. లూసర్న్ మడి వేయదలచిన చోట వేసవిలో నేలను తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కాగితం నేలకు అంటుకొనేటట్లు పరచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. తడి నేల, పల్నాటి ఎండ కలిసి పై పొరలోని చాలా గింజలను చంపుతాయి. తుంగ గడ్డలు, గట్టి పెంకు గింజలు మాత్రం పూర్తిగా చావవు.

ఇందులో పాలిథిన్ కాగితం తప్ప డబ్బు పెట్టి కొనవలసినది లేదు. కావలసినది శ్రద్ధ మాత్రమే. ఒక్క ఇల్లు పెంటను తిరగవేసి, పక్క ఇల్లు వేయకపోతే కాలువ నీటి వెంట, మంద వెంట, గాలి వెంట గింజలు మళ్లీ వస్తూనే ఉంటాయి. పాలు కలిపి పోసినట్లే ఈ పని కూడా ఊరంతా కలిసి చేయవలసినది. సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ చదవడం రాని సభ్యులకు వినిపించాలనీ, వేసవిలో పెంట తోలే ముందు ఒకటి రెండు తట్టల పరీక్ష సంఘం ఆవరణలోనే పెట్టి అందరికీ చూపాలనీ కోరుతున్నాము.